హిమాలయాల బాటలో సాధు సుందర్ సింగ్

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుడి జీవితం గురించి రాసిమ్మని మన విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు మొదట తట్టిన పేరు సాధు సుందర్ సింగ్‌ది. ఆ వెంటనే కొంత సంకోచం కూడా కలిగింది. ఆయన్ని నేను ఒకప్పుడు పూర్తిగా నమ్మాను. మరొకప్పుడు పూర్తిగా కొట్టిపారేశాను. ఈ రెండూ తొందరపాటేనని తెలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. అందుచేత ఇది స్తోత్రమూ కాదు, విమర్శా కాదు. ఒక మనిషిని రెండోసారి అర్థం చేసుకోవడానికి నేను చేసిన ప్రయత్నం అనుకోండి.

చిన్నప్పుడు సండే స్కూల్లో ఆయన కథలు చెబుతుంటే మేమంతా నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. టిబెట్‌లో ఆయన్ని ఎముకలు నిండిన పాడుబావిలో పడేసి మూత వేసి తాళం పెట్టడం, మూడో రాత్రి ఎవరో వచ్చి పైకి లాగడం, తీరా చూస్తే తాళంచెవి లామా మొలలోనే ఉండడం! హైదరాబాదులో హెబ్రోను స్థాపించిన బక్త్ సింగ్ గారూ, ఈ సుందర్ సింగ్ గారూ ఒక్కరేననుకునేవాణ్ణి. ఇద్దరూ పంజాబు వాళ్లే, ఇద్దరూ సిక్కు కుటుంబాల్లో పుట్టి క్రీస్తును నమ్ముకున్నవాళ్లే కదా! బక్త్ సింగ్ గారు 1903లో పుట్టి 2000 వరకు జీవించారు. సుందర్ సింగ్ ఆయనకన్నా పద్నాలుగేళ్లు ముందువాడు. నలభై ఏళ్లు నిండకుండానే కనుమరుగైపోయాడు.

డిగ్రీ చదివే రోజుల్లో లైబ్రరీలో ఒక పుస్తకం చేతికందింది. సుందర్ సింగ్ చెప్పిన టిబెట్ అద్భుతాలను 1920లలో ఐరోపా పండితులు ప్రశ్నించారనీ, వాటికి సాక్ష్యం దొరకలేదనీ అందులో చదివాను. నాకు గుండెలో ఏదో తెగినట్టయింది. ఇన్నాళ్లూ నాకు కట్టుకథలు చెప్పారా అని కోపం వచ్చింది. ఆయన పుస్తకాలన్నీ అటక మీదికి ఎక్కించేశాను. చాలా కాలం తరువాత, అద్భుతాలన్నీ పక్కన పెట్టేస్తే ఈ మనిషి జీవితంలో ఏం మిగులుతుందో చూద్దామని మళ్లీ చదవడం మొదలుపెట్టాను. మిగిలింది తక్కువేం కాదు. ఆ మిగిలిన దాన్నే మీతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

సుందర్ సింగ్ 1889 సెప్టెంబరు 3న పంజాబులో, అప్పటి పటియాలా సంస్థానానికి చెందిన రాంపూర్ గ్రామంలో పుట్టాడు. తండ్రి షేర్ సింగ్ భూవసతి గల సంపన్నుడు. తల్లి గొప్ప భక్తురాలు. గురుద్వారాకు తీసుకెళ్లడమే కాక హిందూ సాధువుల దగ్గరికీ ఆమె కొడుకును తీసుకెళ్లేది. పిల్లవాడు ఏడేళ్లు వచ్చేసరికి భగవద్గీత కంఠస్థం చేశాడంటారు. అన్నల్లా లోకంలో పడిపోకుండా తన చిన్నకొడుకు సాధువు కావాలన్నది ఆ తల్లి కోరిక. తరువాతి కాలంలో, తన మొదటి వేదపాఠశాల అమ్మ ఒడే అని ఆయన అనేకసార్లు చెప్పుకున్నాడు. క్రైస్తవుడైనా ఆ ఋణాన్ని ఏనాడూ దాచుకోలేదు.

పద్నాలుగో ఏట ఆ తల్లి చనిపోయింది. ఆ దెబ్బకు కుర్రాడు కుదేలయ్యాడు. ఊళ్లోని మిషన్ బడిలో చదువుతున్నాడు గనక అక్కడ బైబిలు పాఠం తప్పనిసరి. దుఃఖమంతా ఆ పుస్తకం మీద కోపంగా మారింది. పాదరీల మీద రాళ్లు రువ్వాడు, తోటి పిల్లల్ని రెచ్చగొట్టాడు. చివరికి 1904 డిసెంబరులో ఒకరోజు ఇంటి ముంగిట్లో సువార్త ప్రతిని కాల్చేశాడు. అలాంటి పని చూసి తండ్రే నివ్వెరపోయాడు.

కాల్చాడు గానీ మనసు చల్లబడలేదు. ఆ తరువాత జరిగింది ఆయన చెప్పుకున్న ప్రకారమే చెప్పాలి, మరో సాక్షి లేడు కాబట్టి. 1904 డిసెంబరు 18న తెల్లవారుజామున మూడు గంటలకు లేచి చన్నీళ్లు పోసుకున్నాడు. దేవుడనేవాడుంటే తనకు కనబడాలని ప్రార్థన మొదలుపెట్టాడు. కనబడకపోతే ఐదు గంటలకు వచ్చే రైలు కింద తల పెట్టడానికి నిశ్చయించుకున్నాడు. వేకువ కాకముందే గది వెలుగుతో నిండిందనీ, ఆ వెలుగులో తాను ఎదురుచూడని యేసు కనిపించాడనీ ఆయన సాక్ష్యం. ఆ గదిలో ఏం జరిగిందో నేను నిరూపించలేను, కాదనీ అనలేను. కానీ ఆ ఉదయం పట్టాల మీదికి పోవలసిన పదిహేనేళ్ల కుర్రాడు పోలేదు. ఆ తరువాత పాతికేళ్లపాటు ఆయన నడిచిన దారి అంతా లోకం కళ్లెదుటే ఉంది.

ఇంట్లోవాళ్లు బతిమాలారు, ఆస్తి ఆశ చూపారు, బెదిరించారు. కేశాలు కత్తిరించుకోవడంతో ఇక లాభం లేదని వెళ్లగొట్టారు. ఆ వెళ్లగొట్టిన రోజు తినిపించిన అన్నంలో విషం కలిపారని కూడా ఆయన తరువాత చెప్పాడు. సరిగ్గా పదహారేళ్లు నిండిన రోజున, 1905 సెప్టెంబరు 3న, సిమ్లాలో బాప్తిస్మం పొందాడు. నెల దాటగానే ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఉన్నవి పంచిపెట్టి కాషాయం కట్టాడు. తలపాగా, ఒక కంబళి, ఉర్దూ కొత్త నిబంధన, ఇవే ఆస్తి. కాళ్లకు జోళ్లు కూడా లేవు.

ఈ కాషాయం సంగతి మనం కొంచెం ఆగి ఆలోచించవలసిన విషయం. ఆ రోజుల్లో క్రైస్తవుడయ్యాడంటే కోటూ, బూటూ తొడుక్కుని దొరల పద్ధతిలో బతకడమని మన దేశంలో చాలామంది అనుకునేవారు. తల్లి కోరుకున్న సాధు జీవితాన్నీ, తనకు దర్శనమిచ్చిన క్రీస్తునూ సుందర్ సింగ్ విడదీయలేదు. అమ్మ అడిగిన సాధువే అయ్యాడు, ఆమె ఊహించని గురువుకు శిష్యుడయ్యాడు. దీనికి ఆయన ఒక ఉదాహరణ చెప్పేవాడు. రైల్వే స్టేషన్లో ఎండకు సొమ్మసిల్లిన ఒక అగ్రకులస్థుడికి స్టేషన్ మాస్టరు తెల్ల కప్పులో నీళ్లిస్తే ప్రాణం పోతున్నా ముట్టలేదట. అవే నీళ్లు అతని సొంత ఇత్తడి చెంబులో ఇస్తే గటగటా తాగాడట. జీవజలాన్ని భారతీయుడి చెంబులోనే అందించాలన్నది ఆయన భావం.

ఆయన నడక మొదట సొంత ఊరి చుట్టుపక్కలే సాగింది. అక్కణ్ణించి పంజాబు, కాశ్మీరు, ఆఫ్ఘన్ సరిహద్దు దాకా వెళ్లాడు. సిమ్లాకు దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో, సట్లెజ్ లోయ మీదుగా ఉన్న కోట్‌గఢ్ గ్రామం ఆయనకు మజిలీ అయింది. అక్కడే శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ యువకుడు పరిచయమయ్యాడు. ధనవంతుల బిడ్డ, ఈ కుర్ర సాధువును చూసి తానూ అన్నీ వదిలి నార్మడి కట్టినవాడు. ఇద్దరూ కలిసి కాంగ్రా లోయలో తిరిగారు, సబాతు కుష్ఠురోగుల ఆశ్రమంలో సేవ చేశారు. ఈ స్టోక్సే తరువాత ఆ కొండల్లో యాపిల్ తోటలు వేయించి, స్వాతంత్ర్యోద్యమంలో 1921లో జైలుకు వెళ్లి, 1932లో సత్యానంద్ పేరుతో హిందూమతం స్వీకరించాడు. స్నేహితులిద్దరూ ఒక బాటలో బయలుదేరి చెరో దిక్కుకు చేరారు. దీనబంధు ఆండ్రూస్ కూడా ఆ రోజుల్నించే సుందర్ సింగ్‌ను ఎరిగినవాడు. ఆయన పోయాక 1934లో ఒక జ్ఞాపకాల పుస్తకం రాశాడు.

1908లో, అంటే పంతొమ్మిదో ఏట, తొలిసారి టిబెట్‌లో అడుగు పెట్టాడు. అప్పటినుంచీ ఆయన ఏడాది ఋతువులను బట్టి నడిచేది. వేసవిలో కనుమల మీద మంచు కరిగితే పైకి. చలికాలం వస్తే మైదానాలకు, జనం మధ్యకు. మన ఊళ్లల్లో రైతు పంటకాలాన్ని బట్టి బతికినట్టు ఆయన మంచును బట్టి బతికాడు.

ఆయన ధ్యాన పద్ధతిలో పెద్ద రహస్యమేమీ లేదు. తెల్లవారకముందే లేచేవాడు. బైబిల్లో ఒక అధ్యాయం నెమ్మదిగా చదివేవాడు. చదివినదాని మీద మనసు నిలిపేవాడు. ఆ తరువాత మాటలు వదిలేసి మౌనంగా కూర్చునేవాడు, గంటా, రెండు గంటలు, వీలైతే ఇంకా ఎక్కువ. ప్రార్థన అంటే దేవుణ్ణి ఏదో అడుక్కోవడం కాదనీ, దేవుణ్ణే కోరుకోవడమనీ ఆయన నేర్పాడు. చెట్టూ, రాయీ, ఏరూ ఆయనకు పాఠ్యపుస్తకాలు. ఏటిలో ఏళ్ల తరబడి నానిన గులకరాయిని పగలగొడితే లోపల పొడిగా ఉంటుంది. తరతరాలుగా క్రైస్తవంలో మునిగి ఉన్న దేశాల గుండె కూడా అలాగే ఉందని ఐరోపా యాత్రలో ఆయనకు తోచింది. ఇలాంటి పోలికలు గ్రంథాలయాల్లో కూర్చుంటే దొరకవు. ఏటి ఒడ్డున కూర్చున్నవాడికే దొరుకుతాయి.

కాలేజీ వాళ్లం గనక మనకు ఆసక్తి కలిగించే ఘట్టం ఇంకొకటుంది. 1909 చివర్లో పెద్దల సలహా మీద లాహోరులోని సెయింట్ జాన్స్ దైవశాస్త్ర కళాశాలలో చేరాడు. అక్కడ ఆయన ఇమడలేకపోయాడు. పాఠాలు బుర్రకెక్కుతున్నాయి గానీ ఆత్మకు తిండి దొరకలేదు. పైగా, గురువుగా నియమితుడైతే దొరల దుస్తులు వేసుకోవాలనీ, ఒక మండలం దాటి ఇష్టమొచ్చినట్టు తిరగకూడదనీ తెలిసింది. చర్చిని తిట్టలేదు, తగువు పెట్టుకోలేదు. బోధించడానికిచ్చిన లైసెన్సు బిషప్పుకు తిరిగి ఇచ్చేసి మళ్లీ దారి పట్టాడు. చదువంటే ఆయనకు చిన్నచూపు ఉందనుకోను. తరువాత ఆయనే ఉర్దూలో చిన్న చిన్న పుస్తకాలు రాశాడు, 1922లో వచ్చిన మొదటిది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. కానీ తెలుసుకోవడం వేరు, మారడం వేరు అని ఆయన గట్టిగా నమ్మాడు. అధ్యాపకుడిగా ఈ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉంటుంది.

ఇక 1913 సంగతి. యేసుక్రీస్తు లాగే తానూ నలభై రోజులు ఉపవాసం చేద్దామని హరిద్వార్, డెహ్రాడూన్‌ల మధ్య అడవిలో కూర్చున్నాడు. రోజులు లెక్కపెట్టుకోవడానికి నలభై రాళ్లు పక్కన పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు చూపు మందగించింది, రాళ్లు జరిపే ఓపిక పోయింది. స్పృహ లేకుండా పడి ఉన్న మనిషిని వెదురు కొట్టుకునేవాళ్లు చూసి మోసుకొచ్చి బతికించారు. ఈలోగా ఆయన చనిపోయాడని స్నేహితులకు తంతులు వెళ్లాయి, పత్రికల్లో వార్త కూడా వచ్చేసింది. నలభై రోజులూ పూర్తి కాలేదని తరువాత పరిశీలించినవాళ్లు తేల్చారు. చిన్నప్పుడు మాకు మాత్రం నలభై రోజులూ నిండిన కథే చెప్పారు. ఇప్పుడు నిండని కథే నాకు బాగుంది. ఎంత తపస్సు చేసినా మనిషి శరీరం మనిషి శరీరమే. ఆ సాధువును అడవిలో కాపాడింది దేవదూతలు కాదు, కూలి కోసం వెదురు కొట్టుకునే పేదలు. ఆ ఉపవాసం తనకొక శాంతినిచ్చిందనీ, సాధు జీవితం వదిలేసి అందరిలా బతుకుదామనే కోరిక అక్కడితో పోయిందనీ ఆయన చెప్పాడు. అంటే అంతకు ముందు అలాంటి కోరిక ఆయనకూ ఉండేదన్నమాట!

1918లో దక్షిణ భారతం, సింహళం తిరిగాడు. ఆ వెంటనే బర్మా, మలయా, చైనా, జపాన్ వెళ్లాడు. తిరిగొచ్చాక 1919లో, ఒకప్పుడు వెళ్లగొట్టిన తండ్రే కొడుకు నమ్మిన దేవుణ్ణి నమ్మాడు. 1920లో ఇంగ్లండుకు ఓడ ఖర్చులిచ్చింది ఆ తండ్రే. ఆ ఏడాది ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా. 1922లో యెరూషలేము పుణ్యక్షేత్రాలు చూసుకుని స్విట్జర్లాండు, జర్మనీ, స్వీడను తదితర దేశాలు. ఎక్కడ చూసినా జనసముద్రం. చలిలో కాషాయంతో నడిచే ఆ మనిషిని చూసి క్రీస్తే బొమ్మలోంచి దిగి వచ్చాడని కొందరు మురిసిపోయారు. ఆ పొగడ్త ఆయనకు పడలేదు. ఒక సంఘం స్థాపించమన్నా, ఆశ్రమం పెట్టి శిష్యుల్ని చేర్చుకోమన్నా ఒప్పుకోలేదు. ఐరోపా సంపద వెనక ప్రార్థనకు తీరిక లేకపోవడం చూసి బాధపడ్డాడు, ఆ మాట వాళ్ల ముఖం మీదే చెప్పి వచ్చాడు.

పేరు వచ్చాక పరీక్ష వస్తుంది. ఆక్స్‌ఫర్డ్ పండితుడు స్ట్రీటర్, తమిళ దేశపు అప్పాసామి కలిసి ఆయన గురించి 1921లోనే సానుభూతితో పుస్తకం రాశారు. ఈ అప్పాసామి గారే తరువాత కోయంబత్తూరు బిషప్పు అయ్యారు. మరోపక్క జెసూట్ గురువు హోస్టెన్, జ్యూరిక్ నగరపు పాస్టరు, మనోవిశ్లేషకుడు ఫిస్టర్ ఆయన చెప్పిన సంఘటనలను ఒక్కొక్కటే తీసి సాక్ష్యం ఏదని నిలదీశారు. జర్మనీలో హైలర్ అనే పండితుడు ఆయన పక్షాన నిలిచాడు. సంవత్సరాల తరబడి ఈ రగడ సాగింది. కైలాసం దగ్గర గుహలో వందల ఏళ్ల వయసున్న క్రైస్తవ మహర్షిని కలిశానన్న కథను ఆయన్ని ప్రేమించినవాళ్లు కూడా అప్పజెప్పలేకపోయారు. ఒంటరి నడకలో, ఆకలిలో, చలిలో, గాఢధ్యానంలో చూసిన దర్శనాలూ, కళ్లతో చూసిన సంగతులూ ఆయన మనసులో కలిసిపోయి ఉండవచ్చునని నా ఊహ. ఈ ఊహతో నా చిన్ననాటి కోపం చల్లారింది. అబద్ధాలాడి గడించుకోవాలనుకునే మనిషి కాదు ఆయన. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. అద్భుతాల మీద కట్టుకున్న భక్తి ఒక్క ప్రశ్నకే కూలిపోతుంది, నాది కూలిపోయినట్టు.

మరి కూలిపోనిది ఏమిటి? ఆయన చెప్పిన మరో కథ ఉంది. మంచు తుఫానులో తానూ, ఒక టిబెటనూ నడుస్తుంటే లోయలో పడిపోయిన మనిషి కనబడ్డాడట. ఆగితే ముగ్గురమూ చస్తామని తోడువాడు ముందుకు వెళ్లిపోయాడు. సుందర్ సింగ్ పడినవాణ్ణి వీపున వేసుకుని నడిచాడు. ఆ బరువుకు ఒళ్లు వేడెక్కింది, ఆ వేడికి వీపు మీది మనిషికి తెలివొచ్చింది. కొంత దూరం పోయాక, ముందు వెళ్లినవాడు దారిలో గడ్డకట్టి చచ్చి పడి ఉన్నాడు. ఇదీ ఒంటరి సాక్ష్యమే, దీనికీ రుజువు లేదు. అయినా ఆయన ధ్యానానికి అర్థమంతా ఇందులో ఉంది. కొండ మీద మౌనం కోసం వెళ్లేవాడు, కానీ వీపు మీద ఎవరో ఒకరితో దిగేవాడు. కుష్ఠురోగుల ఆశ్రమం, లాహోరులో ప్లేగు శిబిరం, దారిలో ఎదురైన బాటసారి, వీళ్ల కోసం కాకపోతే ఆ మౌనం ఎందుకు?

చివరి ఏళ్లలో ఆరోగ్యం దెబ్బతింది. కంటిచూపు తగ్గింది, గుండెపోట్లు వచ్చాయి. సబాతులో ఉంటూ చిన్న పుస్తకాలు రాసుకున్నాడు. 1927లో టిబెట్‌కు బయలుదేరి దారిలో రక్తస్రావమై వెనక్కి తిరిగి రావలసి వచ్చింది. స్నేహితులు వద్దన్నారు. 1929 ఏప్రిల్ 18న మళ్లీ బయలుదేరాడు, హిందూ యాత్రికులు కొండల్లోకి నడిచే దారినే. కొద్ది నెలల్లో వస్తానన్నాడు. రాలేదు. వెతకడానికి వెళ్లినవాళ్లకు జాడ దొరకలేదు. 1933లో ఆయన మరణించినట్టు ప్రభుత్వం పరిగణించింది. సమాధి లేదు, తిరునాళ్లు లేవు. మంచులో ఎక్కడో అడుగుజాడలు ఆగిపోయాయి, అంతే.

మిత్రులారా, పునరుజ్జీవనం అనే పెద్ద మాట సభల్లో తరచు వింటుంటాం. అది వేదికల మీదా, మైకుల్లోనూ జరిగేది కాదని సుందర్ సింగ్ జీవితం నాకు నేర్పింది. ఆయనకు 1904లో ఒక ఉదయం దర్శనం కలిగింది. కానీ ఆ ఒక్క ఉదయంతో పని అయిపోలేదు. రోజూ వేకువనే లేవడం, మౌనంగా కూర్చోవడం, నడవడం, ఓడిపోవడం, మళ్లీ బయలుదేరడం, ఇలా పాతికేళ్లు. తండ్రి మారడానికే పదిహేనేళ్లు పట్టింది.

ఆయన పుస్తకాలు అటక మీంచి దించి దుమ్ము దులిపి మళ్లీ బీరువాలో పెట్టుకున్నాను. పాడుబావి తాళం ఎవరు తీశారో నాకిప్పటికీ తెలియదు, ఆ ప్రశ్న నన్ను బాధించడమూ లేదు. మీలో ఏ మతం వారైనా సరే, సెలవుల్లో ఒక ఉదయం పుస్తకాలూ, కబుర్లూ పక్కనపెట్టి దగ్గర్లోని గుట్ట మీదికో, ఏటి ఒడ్డుకో ఒంటరిగా నడిచి వెళ్లండి. కాసేపు ఊరికే కూర్చోండి. తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఎవరైనా పడి ఉన్నారేమో చూసుకుంటూ రండి. సుందర్ సింగ్ సాధన నాకు అర్థమైనంతలో ఇంతే.